కరిపించుకునే మనిషి

ఈ మధ్య బుధవారం సాయంత్రం పూట నేను ఫోన్లో దొరకడం లేదని ఇంట్లో అందరికీ కంప్లైంటు. నిజమే, దొరకను. ఆరున్నర అయ్యేసరికి సైకిలేసుకుని ఊరి చివర పైన్ తోపు వెనకున్న మైదానానికి వెళ్ళిపోతున్నాను. అక్కడ కుక్కల్ని పోలీసు పరీక్షకి తయారుచేస్తారు. మొదటిసారి వెళ్ళింది మార్చిలో, కోటు మీద కోటు వేసుకుని వణుక్కుంటూ. ఇప్పుడు ఆగస్టు. రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటోంది, తోపులోంచి దోమలొచ్చి కుడుతున్నాయి, అయినా ఈ ఐదు నెలల్లో ఒక్క వారం కూడా మానలేదు. కుక్కలంటే ప్రాణం పెట్టే మనిషినేం కాదు నేను. చిన్నప్పుడు మా వీధి కుక్క కరిస్తే ఇంజక్షన్లు పొడిపించుకున్నదాన్ని, ఇప్పటికీ గేటు తీసి ఉన్న ఇంటి ముందునుంచి వెళ్ళాలంటే కాలు ముందుకు పడదు. అలాంటిదాన్ని వారం వారం అక్కడికెందుకు వెళ్తున్నానో ఒకసారి రాసుకోవాలనిపించింది.

నేనుండేది నెదర్లాండ్స్‌లో, బ్రబాంట్ ప్రాంతంలో, ఐండ్‌హోవెన్ దగ్గర. మా ఎదురింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్ళు లారీ నడిపి రిటైరయ్యారు. ఆయన దగ్గర డూకో అని ఒక కుక్క. ఎండుగడ్డి రంగు ఒళ్ళు, మసి పూసినట్టు నల్లటి మూతి, ఎప్పుడూ నిక్కబొడుచుకునుండే చెవులు. మన పేపర్లలో బెల్జియన్ మాలినోయిస్ అని రాస్తారే, ఆ జాతి. ఇక్కడివాళ్ళు బెల్జియంలోని మెఖెలన్ ఊరి పేరు మీద మెఖెలార్ అంటారు. డూకోలో కొంత డచ్ షెపర్డ్ రక్తం కూడా కలిసింది. కాగితాల్లో జాతి కుక్క కాకపోయినా ఈ పరీక్షకి అడ్డేం లేదు, పని చేయగలిగితే చాలు. రోజూ సాయంత్రం ఆయన సైకిలు తొక్కుకుంటూ మా ఇంటి ముందునుంచి వెళ్తారు, పక్కనే డూకో. ఆయన వేగం పెంచితే అదీ పెంచుతుంది, ఆయన బ్రేకు వేస్తే అదీ ఆగుతుంది, ఎప్పుడూ చక్రాన్ని దాటి ముందుకు రాదు. తాడు ఉండదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఇది ఎలా నేర్పారండీ అని. పరీక్షలో అడుగుతారు కదా, నేర్పక తప్పదు అన్నారు. కుక్కకి పరీక్షేమిటని నేను నోరు తెరిస్తే, బుధవారం వచ్చి చూడు అన్నారు.

పోలీసు పరీక్ష అంటే పోలీసులే ఉంటారనుకున్నాను. వెళ్ళి చూస్తే అక్కడున్నవాళ్ళలో పోలీసు ఒక్కరూ లేరు. ఒక తాపీమేస్త్రి, ఒక ఎలక్ట్రీషియన్, ఆవులున్న ఒక రైతు, ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకావిడ, మా ఎదురింటాయన. పగలంతా పని చేసుకుని సాయంత్రం కారు వెనక బోనులో కుక్కని వేసుకొచ్చిన మామూలు మనుషులు. జీతం లేదు, పైగా సంఘానికి వీళ్ళే చందా కట్టుకోవాలి. కె.ఎన్.పి.వి. అంటారు ఆ సంఘాన్ని, నెదర్లాండ్స్ పోలీసు కుక్కల సంఘం. 1899లో పక్కనే బెల్జియంలోని గెంట్ నగరంలో ఎర్నెస్ట్ వాన్ వెసెమాల్ అనే పోలీసు అధికారి రాత్రి గస్తీకి కుక్కల్ని పెట్టాడు. అది చూసి చుట్టుపక్కల దేశాలకీ ఆ ఆలోచన పాకింది. 1907లో ఈ బ్రబాంట్‌లోనే రోజెండాల్ అనే ఊళ్ళో ఈ సంఘం పుట్టింది. అంటే నూరేళ్ళు దాటింది. నూరేళ్ళుగా ఇక్కడి మామూలు జనం తమ ఇంటి పెరట్లో కుక్కని పెంచి, రెండేళ్ళపాటు సాయంత్రాలన్నీ దానికే ధారపోసి, పరీక్ష పాస్ చేయించి, పోలీసుల చేతికి ఇస్తున్నారు. ఇక్కడి పోలీసులే కాదు, బయటి దేశాల నుంచి కూడా వచ్చి కొనుక్కెళ్తారు.

పరీక్ష పేరు పీహెచ్ వన్. మొత్తం 440 మార్కులు. మీటరు ఎత్తు కంచె దూకాలి, మీటరు ముప్పావు ఎత్తు చెక్కగోడ ఎక్కి దిగాలి, రెండుంపావు మీటర్ల గుంత దాటాలి. కాలువకి అడ్డంగా ఈదాలి, నీళ్ళలో పడేసిన పెద్ద వస్తువుని ఒడ్డుకి లాక్కురావాలి. యజమాని కనబడకుండా వెళ్ళిపోతే కుంయ్ అనకుండా పడుకోవాలి. దారిలో తిండి దొరికినా, ఎవరైనా విసిరినా మూతి పెట్టకూడదు. తోపులో దాక్కున్న మనిషిని వెతికి పట్టుకుని, మొరిగి చెప్పాలి. ఇవన్నీ ఒక ఎత్తు. మనిషిని పట్టుకోవడం ఇంకో ఎత్తు. బెత్తం ఎత్తినవాణ్ణి, మీదకి వస్తువులు విసిరేవాణ్ణి, తుపాకీ పేల్చేవాణ్ణి (గుండు ఉండదు, చప్పుడొక్కటే) ఎదురెళ్ళి పట్టుకోవాలి, యజమాని వదలమనగానే వదలాలి.

ఈ పట్టుబడే మనిషిని పాక్‌వెర్కర్ అంటారు. పాక్ అంటే సూటు. సూటు వేసుకుని పని చేసేవాడు. నేను రాయాలనుకున్నది ఇతని గురించే.

మా మైదానంలో ఆ పని చేసేది ఒక కుర్రాడు, ముప్పై లోపు ఉంటాడు. పగలు ఇళ్ళ కప్పులకి పెంకులు వేస్తాడు. ఆ సూటు నేనొకసారి ఎత్తి చూశాను, పైకోటూ ప్యాంటూ కలిపి పది కిలోల పైనే ఉంటుంది. దుప్పట్లు నాలుగు మడతలేసి కుట్టినట్టు మందంగా ఉంటుంది. మోచేతుల దగ్గర కోరలు దిగీ దిగీ దారాలు లేచిపోయి, కొత్త దారంతో మళ్ళీ కుట్టి, మళ్ళీ చిరిగి. లోపలనుంచి చెమట వాసన, బయట కుక్క ఉమ్మి వాసన. ఎండాకాలం అందులో ఒక గంట నిలబడితే బయటికొచ్చేసరికి బనియన్ పిండుకోవచ్చు. సూటు కోరని ఆపుతుందిగానీ నొక్కుడుని ఆపదు. అతను చొక్కా మార్చుకుంటున్నప్పుడు చూశాను, భుజం కిందనుంచి మోచేతి దాకా కమిలిపోయి ఉంది, కొన్ని చోట్ల నల్లగా, కొన్ని చోట్ల పాతబడి పసుపుపచ్చగా.

మొదటి రెండు మూడు వారాలు అందరిలాగే నేనూ కుక్కనే చూశాను. చూడకుండా ఉండలేం కూడా. ముప్పై కిలోల జంతువు మైదానం ఆ చివరనుంచి ఒక్క చప్పుడు లేకుండా, చెవులు వెనక్కి అంటుకుపోయి, ఒళ్ళంతా సాగి వస్తుంటే మనకి ఊపిరి ఆగుతుంది. చివరి మూడు నాలుగు గజాలు అది నేల మీద ఉండదు. ఆ తగిలినప్పుడు వచ్చే శబ్దం, తడి పరుపుని దుడ్డుకర్రతో కొట్టినట్టు, కడుపులో వినబడుతుంది. నేను మొదటిసారి కళ్ళు మూసుకున్నాను.

ఏప్రిల్‌లో ఒకరోజు వాన పడుతుంటే కంచె పక్కన చెట్టు కింద నిలబడ్డాను, అతనికి బాగా దగ్గరగా. అప్పుడు తెలిసింది. కుక్క గాల్లో ఉండగానే అతను ఒంటి కాలి మీద తిరగడం మొదలుపెట్టేశాడు. పళ్ళు సూటులో దిగిన క్షణానికి అతని ఒళ్ళు అది వస్తున్న దిక్కుకే పోతోంది. రెండు చుట్లు తిప్పి, ఆ వేగమంతా కరిగిపోయాక, నాలుగు కాళ్ళూ మెత్తగా నేలకి ఆనేలా దింపాడు. గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చిన పసిపిల్లాణ్ణి ఎత్తుకుని గిర్రున తిప్పి దింపుతామే, అచ్చం అలాగే. అదేంటని తర్వాత అడిగితే చెప్పాడు: నేను గోడలాగా బిగుసుకుని నిలబడితే దాని మెడ విరుగుతుంది, పళ్ళు ఊడుతాయి, అందుకే దాన్ని క్యాచ్ పట్టాలి అని. అది తనని పట్టుకోవడానికి వస్తుంటే, అతను దాన్ని పట్టుకోవడానికి నిలబడి ఉన్నాడన్నమాట. ఆ రోజునుంచి నేను కుక్కని వదిలేసి అతన్నే చూస్తున్నాను.

రోనా గురించి చెప్తే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. రోనా ఆ నర్సుగారి కుక్క, డచ్ షెపర్డ్, పదకొండు నెలలు. ముదురు గోధుమ రంగు మీద పులిచారల్లాంటి గీతలు. మే నెలలో ఒక బుధవారం ప్లాస్టిక్ డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించారు, చప్పుడుకి బెదరకుండా ఉండాలని ఇలా అలవాటు చేస్తారు. చేతిలోంచి డబ్బా జారి రోనా వీపు మీద పడింది. దెబ్బేం తగల్లేదు కానీ అది బెదిరిపోయి పట్టు వదిలేసి, ఆవిడ కాళ్ళ మధ్య దూరి వణికిపోయింది. ఆవిడ మొహం చూడలేకపోయాను. ఒకసారి భయపడ్డ కుక్క మళ్ళీ ఈ పనికి రాకపోవచ్చని అక్కడ అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మరుసటి బుధవారం ఆ కుర్రాడు సూటు ప్యాంటు ఒక్కటే వేసుకుని, చేతికి గోనెగుడ్డ తొడుగు పెట్టుకుని తడి గడ్డిలో కూర్చున్నాడు. రోనా వైపు చూడలేదు. పక్కకి తిరిగి కూర్చున్నాడు, భుజాలు ముడుచుకుని, తనే భయపడుతున్నట్టు. ఆ గులకరాళ్ళ డబ్బా రెండు మీటర్ల దూరంలో గడ్డిలో ఊరికే పడి ఉంది. రోనా వచ్చి, మెడ సాచి, డబ్బాని ఓరకంట చూస్తూ, గోనెగుడ్డని ముందుపళ్ళతో మాత్రం పట్టుకుంది, వేడి ముద్దని పట్టుకున్నట్టు. అతను కదల్లేదు. బండలా ఉన్నాడు. రోనాకి ఏం తోచలేదు. కాసేపటికి పట్టు సవరించుకుంది, ఈసారి దవడ దాకా నింపుకుంది. వెంటనే అతను బాధతో మూలిగాడు, చేతిని కొంచెం లాక్కోబోయాడు. రోనా చెవులు లేచాయి. నేను గట్టిగా పడితే ఇతనికి నొప్పి పుడుతోంది! అది దానికి అర్థమైన క్షణం మాకందరికీ కనిపించింది.

తర్వాత అతను కాలి బొటనవేలితో డబ్బాని తాకాడు. ఒక్క రాయి కదిలిన చప్పుడు. రోనా కన్ను అటు పోయింది, పట్టు సడలింది. అతను ఆగిపోయాడు. ఎదురుచూశాడు. వాన సన్నగా పడుతోంది, ఎవరూ మాట్లాడటం లేదు. రోనా మళ్ళీ నోరు నింపుకుంది, అతను మళ్ళీ మూలిగాడు. ఈసారి డబ్బా కొంచెం గట్టిగా దొర్లింది. రోనా వదల్లేదు. కళ్ళు డబ్బా మీదే ఉన్నాయి, ముక్కులోంచి బుసబుసమని గాలి, అయినా వదల్లేదు, పైగా వెనక కాళ్ళు గడ్డిలో తన్నిపెట్టి లాగింది. అతను ఏడుస్తున్నట్టు అరిచి, వెల్లకిలా నీళ్ళలో పడిపోయి, చేతినుంచి తొడుగు జార్చేశాడు. రోనా దాన్ని నోట కరుచుకుని, దాదాపు తనంత పొడవున్న గోనెగుడ్డని రెండు కాళ్ళ మధ్య ఈడ్చుకుంటూ, మైదానం చుట్టూ తిరిగింది. తోక జెండాలా ఉంది. మొత్తం కలిపి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఇంకోసారి చేద్దామా అని ఎవరో అంటే అతను నీళ్ళలో పడుకునే, వద్దు, ఇవాళ గెలిచిన సంగతే గుర్తుపెట్టుకుని పడుకోనీ అన్నాడు.

ఆ వీడియో మా పెద్దమావయ్యకి పంపించాను. మావయ్య ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా పనిచేశాడు. ఆయన చేతిలో డాబర్‌మాన్ ఉండేది. మా చిన్నప్పుడు పేపర్లో ఎక్కడ దొంగతనం వార్త వచ్చినా చివర ఒక వాక్యం ఉండేది, "జాగిలం బస్టాండు వరకు వెళ్ళి ఆగిపోయింది" అని. అది చదివి అందరూ నవ్వేవాళ్ళు. మావయ్యకి మాత్రం ఆ నవ్వు గుచ్చుకునేది. వాడు బస్సెక్కిపోతే కుక్కేం చేస్తుంది, ఎక్కిన చోటు చూపించింది కదా, మిగతాది మనుషులు కదా కనిపెట్టాలి అనేవాడు. ఇప్పుడు ఆయనకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. వీడియో చూసి వెంటనే కాల్ చేశాడు.

"అమ్మాయ్, ఆ కుక్క సంగతి సరే. ఆ కింద పడ్డ కుర్రాడున్నాడే, వాడు బంగారమే."

"అందరూ కుక్కనే మెచ్చుకున్నారు మావయ్యా."

"మెచ్చుకుంటారు. వాడు ఎక్కడ పడాలో అక్కడ పడ్డాడు. ఒక్క క్షణం ముందు పడితే దానికి పొగరొస్తుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే దిగులొస్తుంది. మాకు ఇలాంటి సూట్లెక్కడివే? గోనెసంచులు చేతికి చుట్టుకుని పైన తాడు కట్టేవాళ్ళం."

అని చొక్కా చెయ్యి పైకి లాగి కెమెరాకి దగ్గరగా పెట్టాడు. ముంజేతి మీద పాత మచ్చ, రెండు పైన, రెండు కింద. చిన్నప్పటినుంచి చూస్తున్న మచ్చే. సైకిలు మీదనుంచి పడ్డాడని అత్తయ్య మాతో చెప్పేది. ఇప్పుడు మనవైపు కూడా చాలా మారిందట. తెలంగాణ పోలీసులకి మొయినాబాద్ అకాడమీలో జాగిలాల శిక్షణ ఉంది, సీఆర్పీఎఫ్ వాళ్ళకి బెంగళూరు దగ్గర తరలులో పెద్ద కేంద్రముంది, అక్కడ మాలినోయిస్‌లే ఎక్కువ. మావయ్య ఈ వివరాలన్నీ వేళ్ళ మీద చెప్తాడు. రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరికి ఫోన్ చేసి కుక్కల యోగక్షేమాలు కనుక్కుంటూనే ఉంటాడు.

పట్టుకోవడం కంటే వదలడం నేర్పడం కష్టం. లోస్ అంటారు డచ్‌లో, వదులు అని. నోట్లో గెలుపు రుచి ఉండగా వదలమంటే ఎవరు వదులుతారు? ఇక్కడా సూటు మనిషి చేతిలోనే ఉంది కిటుకు. యజమాని లోస్ అన్న మరుక్షణం అతను చచ్చినట్టు అయిపోతాడు. కదలడు, మూలగడు, ఊపిరి కూడా తగ్గించేస్తాడు. కుక్కకి నోట్లో ఉన్నది పాత దిండులా అనిపిస్తుంది. విసుగొచ్చి వదిలిందనుకోండి, అప్పుడే అతను ప్రాణం వచ్చినట్టు ఎగిరి పారిపోతాడు, యజమాని మళ్ళీ పట్టుకోమంటాడు. వదిలితే ఆట పోదు, మళ్ళీ మొదలవుతుంది అని దానికి ఎక్కుతుంది. వందలసార్లు చేస్తారు. కంగారు పడరు.

అందరూ ఇలాగే నేర్పుతారని నేను చెప్పను. ఒకసారి పెద్దాయనతో కలిసి వేరే ఊరి మైదానానికి వెళ్ళాను. అక్కడొకతను లోస్ అన్నా వదలని కుక్కని మెడ పట్టీతో పైకి లేపి ఊపిరాడనివ్వకుండా పట్టుకున్నాడు. దాని నాలుక నీలంగా మారుతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చింది. నేను ఏమీ అనలేకపోయాను, ఆ సిగ్గు ఇంకా ఉంది. పెద్దాయన మాత్రం వెళ్ళి గట్టిగానే అన్నారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో చెప్పారు, ఒకప్పుడు తనూ అలాగే చేశానని, లోపలికి ముళ్ళుండే మెడ పట్టీలు అందరూ వాడేవాళ్ళని. 2018 నుంచి ఈ దేశంలో ఆ ముళ్ళ పట్టీలు నిషేధం. నిషేధం వచ్చినప్పుడు ఇక కుక్కలకి ఏం నేర్పగలం అని గొడవ చేసినవాళ్ళలో తానూ ఉన్నానన్నారు. డూకోకి అవి లేకుండానే నేర్పాను, ముందు కుక్కలకి కూడా నేర్పగలిగేవాణ్ణేమో అని కిటికీలోంచి బయటికి చూశారు. నా మటుకు నాకు ఇందులో రెండో మాట లేదు. భయంతో వదిలే కుక్క, యజమాని కాస్త దూరంగా ఉన్నరోజు వదలదు. పోలీసు కుక్క కరిచేది బతికున్న మనిషిని, సూటు లేని మనిషిని. ఒక్క మాటకి ఆ నోరు తెరుచుకోవాలి. అందుకే ఈ ఆటలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

డూకోకి ఆగిపోయింది అక్కడే. ఉత్తుత్తి దాడి అని ఒక అంశం ఉంటుంది. సూటు మనిషి పారిపోతుంటాడు, కుక్కని వదులుతారు, అది సగం దూరం పోయాక అతను లొంగిపోయినట్టు ఆగి నిలబడిపోతాడు. యజమాని వెనక్కి పిలుస్తాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని ముట్టుకోకుండా కుక్క తిరిగి రావాలి. జూన్ అంతా డూకో తిరిగి రాలేదు. పెద్దాయన గొంతు చించుకున్నా, దాని చెవి ఒక్కసారి వెనక్కి తిరిగేది, అంటే వినబడింది, అయినా పోయి పట్టేసుకునేది. ఇంటికొచ్చాక ఆయన పెరట్లో ఒక్కరే కూర్చునేవారు. నేను పులిహోర తీసుకెళ్ళి ఇస్తే, అది చేసిన తప్పు కాదు, నేను తొందరపడ్డాను అన్నారు.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. పది గజాలు. తాడుతో. వెళ్ళి పట్టుకుంటే సూటు మనిషి చచ్చిన దిండు. వెనక్కొస్తే ఆ క్షణమే మళ్ళీ పంపుతారు, అప్పుడు అతను బాగా పోట్లాడి, బాగా ఓడిపోతాడు. పది గజాలు ఇరవై అయ్యాయి, ఇరవై నలభై అయ్యాయి. జూలై ఆఖరు బుధవారం, పూర్తి దూరం, తాడు లేదు. డూకో పోయింది. ఆ కుర్రాడు ఆగి చేతులు దించాడు. పెద్దాయన పిలిచారు, ఒక్కసారే, మామూలు గొంతుతో. ఇసుక నేల కదా, డూకో వెనక కాళ్ళు జారి, ఒళ్ళంతా విల్లులా వంగి, ఇంత ఇసుక లేచింది. ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా నిలబడింది. ఆ కుర్రాడు కంటి రెప్ప కూడా వేయలేదు. డూకో తిరిగింది. వెనక్కి వచ్చిన పరుగు వెళ్ళిన పరుగు కంటే వేగంగా ఉంది. పెద్దాయన మోకాళ్ళ మీద కూలబడి దాని మెడ చుట్టూ చేతులు వేసి, బ్రాఫ్, బ్రాఫ్ అంటూ, మన భాషలో చెప్పాలంటే మా నాయనే, మా తండ్రే అంటూ, చెవిలో చెప్తున్నారు. ఆ చివర సూటు మనిషి హెల్మెట్ తీసి, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు, ఆ మందపాటి చేతులకి చప్పుడు రావడం లేదు.

వచ్చే నెల డూకోకి పరీక్ష. పాసైతే పోలీసులు వచ్చి చూస్తారు. మీరు నిజంగా ఇచ్చేస్తారా అని అడిగాను. ఇంతకుముందు నాలుగు ఇచ్చారట. నాలుగు మెడ పట్టీలూ షెడ్డులో మేకులకి వేలాడుతుంటాయి, ఒకటి రంగు వెలిసి తెల్లగా అయిపోయింది. దానికి ఇప్పుడు మూడేళ్ళు, ఇంకా ఐదారేళ్ళు పని చేస్తుంది, నాతో ఉంటే ఇదే వీధి, ఇదే సైకిలు అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

మొన్న బుధవారం సంగతి చెప్పి ఆపేస్తాను. చిన్న వస్తువులు వెతికే అంశం చేయిస్తున్నారు. పదిహేను మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు గడ్డినేల గుర్తుపెట్టి, అందులో చిన్న చిన్న వస్తువులు పడేస్తారు. మనిషి వాసన పట్టుకుని కుక్క వాటిని ఏరి తేవాలి. రోజూ వీళ్ళ చేతి వాసనే అలవాటైపోయింది, నీ దగ్గరేమైనా ఉంటే వెయ్యి అన్నారు ఆ నర్సుగారు. జేబులో సైకిలు తాళంచెవి తప్ప ఏమీ లేదు. మన చిటికెనవేలంత ఉంటుంది. ఇంటికెళ్ళడానికి ఉన్నది అదొక్కటే, డూప్లికేటు ఎక్కడుందో కూడా గుర్తులేదు. అయినా రెండు అరచేతుల మధ్య కాసేపు రుద్ది, గడ్డిలోకి విసిరేశాను. పడ్డ చోటు నాకే కనబడలేదు.

రోనా వచ్చింది. మే నెలలో ఆవిడ కాళ్ళ మధ్య దూరిన అదే రోనా, ఇప్పుడు ఛాతీ విప్పుకుంది. ముక్కు నేలకి ఆనించి, అటు చివరికి, ఇటు చివరికి, దుక్కి దున్నినట్టు వరసగా పోతోంది. ఒక మేకు తెచ్చింది. ఒక చెక్కముక్క తెచ్చింది. నా తాళంచెవి పక్కనుంచే రెండుసార్లు దాటిపోయిందని నాకు టెన్షన్. ఆ కుర్రాడు సూటు విప్పేసి, తడి బనియన్ మీద తువ్వాలు కప్పుకుని నా పక్కకొచ్చి నిలబడ్డాడు. గాలి అటునుంచి వస్తోంది, ఇంకో వరస పోనీ అన్నాడు మెల్లగా. రోనా ఇంకో వరస పోయింది, తల చటుక్కున వెనక్కి తిప్పింది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. గడ్డిలో మూతి దూర్చి రెండుసార్లు తుమ్మింది. తలెత్తేసరికి పెదవి అంచున ఏదో మెరిసింది.

ఆవిడ రోనా నోటికింద చెయ్యి పట్టి, లోస్ అన్నారు. టింగుమని అరచేతిలో పడింది. తుడిచి ఇవ్వబోతే పర్వాలేదని తీసేసుకున్నాను. వెచ్చగా, ఉమ్మితో జిగటగా, ఒక గడ్డిపోచ అంటుకుని ఉంది. కుక్క నోట్లోంచి వచ్చినదాన్ని అలా చేత్తో పట్టుకుంటానని మార్చిలో ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. రోనా ఆ చెయ్యిని ఒకసారి వాసన చూసి, సరిపోయిందన్నట్టు పక్కకి తిరిగి, తువ్వాలు కప్పుకున్న ఆ కుర్రాడి వైపు చూస్తూ కూర్చుంది. సూటు లేదు కదా, అతనేమిటో దానికి అర్థం కావడం లేదు. అతను చేతులు వెనక్కి పెట్టుకుని, చూపు పక్కకి తిప్పి, అది చూడటం పూర్తయ్యేదాకా కదలకుండా అలాగే నిలబడ్డాడు.